తాళ్లేరు మునిసిపాలిటీ జీపు

నేను ఒక జీపును. తాళ్లేరు మునిసిపాలిటీ ఇంజనీరింగు విభాగం వారి జీపును. పుట్టింది పడమటి సముద్రం దగ్గర ఒక పెద్ద కార్ఖానాలో. కాలిన ఇనుము వాసన, సుత్తి దెబ్బలు, ఎండీ ఎండని రంగు, ఇంతకు మించి ఆ రోజులు నాకు గుర్తు లేవు. నాతో పాటు వరసలో నిలబడిన జీపుల్లో కొన్ని పోలీసులకు పోయాయి, కొన్ని అటవీ శాఖకు పోయాయి. నన్ను తాళ్లేరుకు పంపించారు. పోలీసు జీపు వస్తుంటే జనం పక్కకు తప్పుకుంటారు. నేను వస్తుంటే ఎదురొచ్చి, "మా వీధిలో కుళాయి రావట్లేదు" అంటారు. నా తోబుట్టువులకు దక్కిన మర్యాద నాకు దక్కలేదు గానీ, జనం నోట్లోంచి వచ్చే మాటలు నాకు దక్కినన్ని వాటికి దక్కి ఉండవు.

నేను ఊళ్లోకి వచ్చిన రోజున చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్ మీద పసుపూ కుంకుమా పూసి, కొబ్బరికాయ కొట్టారు. తాళంచెవి షేక్ మీరావలి చేతిలో పెట్టారు. అప్పటికి అతనికి మీసాలు నల్లగా, ఒత్తుగా ఉండేవి. తాళంచెవి అందుకుని ముందు నా అద్దం తుడిచాడు, ఆ తర్వాతే ఎక్కి కూర్చున్నాడు. నా బతుకంతా అతని చేతిలోనే నడిచింది. పేరుకు మాత్రం నేను ఇంజనీరుగారి జీపును.

ఇంజనీర్లు చాలామంది వచ్చారు, చాలామంది పోయారు. ఒకాయన నన్ను ఎక్కువగా కూరగాయల మార్కెట్‌కూ, పిల్లల బడికీ తిప్పాడు. ఒకాయన ఎండ పడుతుందని నాకు తెరలు కట్టించాడు. ఆయన ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఏ రోడ్డు మీద గుంట ఉందో నా చక్రాలకు తెలిసింది గానీ ఆయన కళ్లకు తెలియలేదు. ఇంకొకాయన మంచివాడే. మంచివాడు కాబట్టి ఎవరినీ ఏమీ అనలేక, బదిలీ కోసం దేవుళ్లకు మొక్కుకుంటూ కాలం గడిపాడు. వాళ్లను తప్పు పట్టను. చిన్న నగరంలో నీళ్లు, రోడ్లు, మురుగు, దీపాలు చూసుకునే ఉద్యోగం అలాంటిది. అన్నీ సరిగ్గా ఉన్న రోజున అలాంటి మనిషి ఒకరున్నారని ఎవరికీ గుర్తుండదు. ఒకటి చెడితే మాత్రం ఊరంతా వచ్చి తలుపు కొడుతుంది.

తాళ్లేరుకు ఉత్తరాన కొండలు, కొండల కింద చెరువు. చెరువు నిండితే నీళ్లు పొర్లి గుండ్లవాగులో పడి, ఊరి మధ్యగా సాగి అవతల ఏట్లో కలుస్తాయి. ఒకప్పుడు ఆ వాగులో రెండు ఎడ్లబండ్లు పక్కపక్కన నడిచేవట. నేను వచ్చేసరికే దానికి మురుక్కాలువ అని పేరు మారింది. చెత్త వేసినవాడు చెత్త వేశాడు, మట్టి పోసినవాడు మట్టి పోశాడు. డబ్బున్నవాడు స్తంభాలు పాతి పైన మేడ కట్టాడు. లేనివాడు గట్టు మీద రేకులు వేసుకున్నాడు.

నేను ఊరికి కొత్తగా ఉన్నప్పుడే ఒక ఏడాది తుఫాను వచ్చింది. వాగుకు దారి లేక నీళ్లు బస్టాండు మీదా, పాతబజారు మీదా పడ్డాయి. నా సీట్ల దాకా నీళ్లు. మీరావలి నన్ను ఈడ్చుకుంటూ వెళ్లి పాతబజారులో మనుషుల్ని ఎక్కించుకున్నాడు. ఒక ముసలామెను మాత్రం మేం వెళ్లేలోపే నీళ్లు తీసుకుపోయాయి. మంత్రులొచ్చి చూశారు, వాగు బాగు చేయిస్తామన్నారు. నీళ్లు తగ్గాయి, ఎండలు వచ్చాయి, ఆ మాట కూడా ఎండిపోయింది.

ఆ తర్వాత చాలా ఏళ్లకు, మీరావలి మీసాల్లో తెలుపు కనిపిస్తున్న రోజుల్లో, హైమవతిగారు మునిసిపల్ ఇంజనీరుగా వచ్చారు. సన్నగా, పొడవుగా ఉండేవారు. ముతక నూలు చీర, కాళ్లకు మగవాళ్లు వేసుకునే లాంటి తోలు చెప్పులు. పెళ్లి చేసుకోలేదని కొందరు, భర్త పోయాడని కొందరు అనుకునేవారు. ఆవిడ చెప్పలేదు, మీరావలి అడగలేదు. మొదటిరోజు అతను వెనక తలుపు తీసి నిలబడితే, ఆవిడ ముందుకొచ్చి డ్రైవరు పక్కన కూర్చున్నారు.

"వెనక కూర్చుంటే రోడ్డు కనపడదు, వలీ," అన్నారు.

ఆ వారంలోనే వడ్డెరపాలెంలో నీళ్ల గొట్టం పగిలింది. ఆడవాళ్లు బిందెలు రోడ్డుకు అడ్డంగా పెట్టి మమ్మల్ని ఆపేశారు. వెనకటి ఇంజనీర్లయితే నన్ను వెనక్కి తిప్పమనేవారు. ఈవిడ దిగి, వాళ్ల మధ్య నిలబడి, "రేపు పొద్దున నీళ్లొస్తాయి. రాకపోతే నేనొస్తాను," అన్నారు. మర్నాడు నీళ్లు రాలేదు. ఆవిడ మాత్రం తెల్లారకముందే అక్కడికి వెళ్లి, గుంట పక్కన ఒక రాయి మీద కూర్చున్నారు. గొట్టం అతికేదాకా లేవలేదు. తిట్టడానికి వచ్చినవాళ్లు కాసేపు తిట్టారు, తర్వాత వాళ్లలోనే ఎవరో చాయ్ తెచ్చిచ్చారు. ఆ తర్వాత వడ్డెరపాలెంలో నన్ను ఎవరూ బిందెలతో ఆపలేదు.

ఆవిడ విభాగాన్ని నడిపిన తీరు అలా ఉండేది. కేకలు వేయడం నేను వినలేదు. అసిస్టెంటు ఇంజనీర్లను నాలో ఎక్కించుకుని, వాళ్లు బాగుందని రాసిన రోడ్డు మీదే తిప్పించేవారు. ఎగిరెగిరి పడ్డాక వాళ్లే తల దించుకునేవారు. మురుగు తీసే మనుషులకు చేతి తొడుగులు, బూట్లు వచ్చేదాకా ఆఫీసులో కొత్త కుర్చీలు కొననివ్వలేదు. ఒక వేసవిలో గుండ్లవాగు వెంట చెరువు దగ్గర నుంచి ఏటి దాకా నడిచారు. నడవలేని చోట పక్క వీధిలోంచి నేను వెళ్లి అవతల కాచుకున్నాను. చివర్న చీర అంచు నిండా బురదతో వచ్చి నాలో కూర్చున్నారు.

"ఈసారి గట్టి వాన పడితే పాతబజారు మిగలదు, వలీ."

మీరావలి, "అవునమ్మగారూ," అన్నాడు. ఇంకేదో అనబోయి ఆగిపోయాడు.

ఎందుకు ఆగాడో నాకు తెలుసు. గుండ్లవాగు గట్టు మీద రేకుల ఇళ్ల వరసలో నాలుగోది అతనిది. రోజూ మధ్యాహ్నం అన్నానికి వెళ్లేటప్పుడు ఆ సందు మొదట్లో నన్ను ఆపేవాడు. అతని భార్య ఖాజాబీ గుమ్మంలో మిషను వేసుకుని జాకెట్లు కుట్టేది. పిల్లలు లేరు. ఆమెకు ఉబ్బసం. నాలుగు కుట్లు వేసి కాసేపు ఊపిరి తీసుకుని మళ్లీ కుట్టేది. నేను దుమ్ము కొట్టుకుని కనిపిస్తే కొంగుతో నా అద్దం తుడిచి, "పాపం, దీన్ని కూడా మీలాగే తిప్పుతున్నారు," అనేది మొగుడితో. నా మీద జాలి పడిన మనిషి నా బతుకులో ఆమె ఒక్కతే.

వాగు మీద కట్టినవన్నీ తీసేస్తారని ఊళ్లో గుప్పుమంది. ఒకరోజు చైర్మన్ భూషయ్యగారు ఆఫీసు బయట నాలో ఎక్కి ఆవిడ వెనక కూర్చున్నారు. పెద్దమనిషి, మెత్తగా మాట్లాడతారు.

"అమ్మా, మీరొచ్చాక ఊరు మంచినీళ్లు తాగుతోంది. దీపాలు వెలుగుతున్నాయి. నలుగురూ మెచ్చుకుంటున్నారు. ఇంక ఆ వాగుతో మీకేం పని?"

"నాకేం లేదండి. వానకే పని."

"ఎప్పుడో ఒకసారి వస్తుంది వరద. దానికోసం రోజూ కనిపించే మనుషులతో గొడవ పడతారా?"

"వెనక వచ్చినప్పుడు ఒకామె కొట్టుకుపోయిందట కదండీ. ఆమె పేరు ఎవరినడిగినా చెప్పలేకపోయారు."

భూషయ్యగారు ముందుకు వంగి, "మా బావమరిది కల్యాణమండపం సంగతి మీకు తెలుసు," అన్నారు.

"తెలుసు. దాని స్తంభాలు సరిగ్గా వాగు మధ్యలో ఉన్నాయి."

ఆయన దిగి, తలుపు నెమ్మదిగా వేసి వెళ్లిపోయారు. తలుపు విసిరికొట్టేవాళ్లకంటే ఇలాంటివాళ్లతోనే ఎక్కువ భయమని నా అనుభవం.

కలెక్టరుగారు ఆవిడ వైపు నిలబడ్డారు. ఆర్డరు వచ్చింది. అందరూ ముందు రేకుల ఇళ్లు పోతాయనుకున్నారు. ఆవిడ బుల్డోజరును తిన్నగా కల్యాణమండపం దగ్గరికి తీసుకెళ్లారు. పేదవాళ్లవి కొట్టేసి అక్కడికొచ్చేసరికి కోర్టు కాగితం పట్టుకుని ఎవరో ఒకరు అడ్డం పడతారని ఆవిడకు తెలుసు. సాయంత్రానికి మండపం వాగులో నుంచి లేచిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్లలో కొందరు చప్పట్లు కొట్టారు. ఆవిడ నవ్వలేదు. "రేపు గట్టు," అని మీరావలితో అన్నారు.

ఆ సాయంత్రం సందు మొదట్లో ఖాజాబీ నాకు ఆనుకుని నిలబడి అతన్ని అడిగింది. "మేడమ్‌గారికి చెప్పారా?"

"లేదు."

"చెప్పండి మరి. వద్దనమని కాదు. తెలిసుంటే మంచిది కదా."

"తెలిస్తే ఆమె చెయ్యి ఆగుతుంది ఖాజా. మన ఇంటి దగ్గర ఆగితే పక్కింటి దగ్గర ఎట్లా నడుస్తుంది?"

ఆమె లోపలికి వెళ్లి సామాన్లు సర్దుకున్న చప్పుడు వినిపించింది.

మర్నాడు పొద్దున మేం గట్టు దగ్గరికి వెళ్లేసరికి జనం పెట్టెలు, మంచాలు, కోళ్ల గంపలు రోడ్డు మీద పెట్టుకుని ఉన్నారు. ఏడ్చేవాళ్లు ఏడుస్తున్నారు. హైమవతిగారు ఇంటింటి దగ్గరా దిగి, లోపల ఎవరైనా మిగిలారేమో స్వయంగా చూసి, అప్పుడు చెయ్యి ఊపుతున్నారు. మూడు ఇళ్లయ్యాయి. ఆవిడ వచ్చి నాలో కూర్చుని మంచినీళ్లు తాగుతుంటే, ఖాజాబీ ఒక మూట పట్టుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చింది. వెనక సీట్లో మూట పెట్టి, డ్రైవరు సీటు వైపు చూసి అంది.

"మీ ఖాకీ బట్టలు. మట్టి పడితే మళ్లీ ఉతకాలి."

ఆవిడ చేతిలో నీళ్ల సీసా అలాగే ఆగిపోయింది.

"వలీ, ఈమె ఎవరు?"

"మా ఇంటామె, అమ్మగారూ."

"మీ ఇల్లేది?"

అతను గడ్డంతో చూపించాడు. బుల్డోజరు దాని ముందే నిలబడి ఉంది.

"నాతో చెప్పలేదేం?"

"చెబితే మీరేం చేసేవారమ్మా?"

ఆవిడ ఆలోచించారు. "తెలియదు," అన్నారు.

"అందుకే చెప్పలేదు."

అప్పుడు ఖాజాబీయే మాట్లాడింది. "మా అందరికీ ఇళ్లు ఇప్పిస్తారంట కదమ్మా."

"ఇప్పిస్తాను."

"అయితే కానివ్వండి. వంట అయిపోయింది. గిన్నెలు కూడా బయట పెట్టేశాను."

హైమవతిగారు దిగారు. మిషను ఇంకా గుమ్మంలోనే ఉంది. దాన్ని ఒకవైపు ఖాజాబీ, ఒకవైపు ఆవిడ పట్టుకుని నా దగ్గరికి మోసుకొచ్చారు. మీరావలి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతులు ఎంత గట్టిగా బిగిశాయో నాకు తెలుసు. ఆవిడ వెనక్కి తిరిగి చెయ్యి ఊపారు. రేకులు మడుచుకుపోయిన చప్పుడు వచ్చింది. అంతే. చిన్న ఇల్లు, పడిపోవడానికి ఎక్కువసేపు పట్టలేదు.

గట్టు మీదివాళ్లందరికీ చెత్త డంపు పక్కన రేకుల షెడ్లు వేయించారు. ఊళ్లో మునిసిపాలిటీకి మిగిలిన ఖాళీ జాగా అదొక్కటే. "కొన్నాళ్లే," అన్నారు ఆవిడ. రైల్వే గేటు అవతల ఇళ్ల కాలనీకి కాగితాలు నడిపించారు. డంపులో చెత్త తగలబెట్టకూడదని గట్టిగా చెప్పి, రోజూ పొద్దున మొదట అక్కడికే నన్ను తిప్పి, పొగ లేదని కళ్లారా చూసుకుని గానీ ఆఫీసుకు వెళ్లేవారు కాదు. షెడ్డు దగ్గర దిగి ఖాజాబీతో రెండు మాటలు మాట్లాడేవారు. ఒకసారి జాకెట్టు గుడ్డ ఇచ్చి కుట్టమన్నారు. ఖాజాబీ కుట్టుకూలి తీసుకోకపోతే, "అయితే ఇంకెవరి చేతైనా కుట్టించుకుంటాను," అని బెదిరించి మరీ ఇచ్చారు.

ఆ వేసవిలో వాగంతా తవ్వించారు. బురద లారీలకు లారీలు పోయింది. రాతి గోడలు లేచాయి. ఆఖరి గోడ పని సాగుతుండగానే బదిలీ ఆర్డరు వచ్చింది. భూషయ్యగారు పూలదండతో వీడ్కోలు సభ పెట్టి, ఆవిడ సేవల గురించి చాలా బాగా మాట్లాడారని విన్నాను. ఎక్కడో సముద్రం పక్కన, బల్ల ముందు కూర్చుని ఫైళ్లు చూసే ఉద్యోగం ఇచ్చారు.

రైల్వేస్టేషనుకు నేనే తీసుకెళ్లాను. దిగేముందు ఆవిడ, "ఇళ్ల ఫైలు కలెక్టరాఫీసులో ఉంది. అవి వచ్చేదాకా నన్ను వదలకు వలీ. ఫోన్ చేసి తిడుతూ ఉండు," అన్నారు.

"ఎందుకు రావమ్మా, వస్తాయి," అన్నాడు మీరావలి.

రాలేదు. ఆ కలెక్టరుగారికీ బదిలీ అయింది. కొత్తగా వచ్చిన ఇంజనీరు మళ్లీ వెనక సీట్లో కూర్చున్నాడు. డంపులో చెత్త పెరిగిపోతోందని, అగ్గిపుల్ల గీస్తే సులువుగా పోతుందని ఎవరో చెబితే సరేనన్నాడు. ఇక రోజూ పొగే. రాత్రి అంటించింది తెల్లారేదాకా రగిలేది. మీరావలి డ్యూటీకి వచ్చి నాలో కూర్చుంటే అతని బట్టల్లోంచి పొగ వాసన వచ్చేది. రెండుసార్లు ఇంజనీరును అడిగాడు. "చూద్దాం," అన్నాడాయన. హైమవతిగారికి ఫోన్ చేద్దామని ఆఫీసు ఫోను దగ్గరికి వెళ్లి, చేయకుండా తిరిగొచ్చిన రోజులున్నాయి. "అక్కడ ఆమె మాత్రం ఏం చేస్తుంది, బాధపడ్డం తప్ప," అని గుమాస్తాతో అనడం విన్నాను.

ఖాజాబీ మిషను మానేసింది. తర్వాత వంట మానేసింది. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేదట. ఒక శుక్రవారం పొద్దున అతను ఆమెను రెండు చేతులా ఎత్తుకొచ్చి నా వెనక సీట్లో పడుకోబెట్టాడు. ఆసుపత్రి దారిలో ఆమె ఒక్కసారి, "నెమ్మదిగా, గుంటలున్నాయి," అంది. ఆమె చెప్పినా చెప్పకపోయినా అతను గుంటలు తప్పిస్తూనే వెళ్లాడు. ఆ దారిలో ఏ గుంట ఎక్కడుందో మా ఇద్దరికీ తెలుసు. అయినా నా చక్రాల మీది కమాన్లు గట్టివి, కుదుపు తప్పలేదు. ఆ రోజున్నంత బాధ నా ఇనుముకు ఎప్పుడూ కలగలేదు.

సాయంత్రానికి ఆమె పోయింది. మూడో రోజున మీరావలి డ్యూటీకి వస్తే, అడక్కుండా జీపు ఎట్లా తీశావని, డీజిలు ఎవరబ్బ సొమ్మని కొత్త ఇంజనీరు అడిగాడు. మీరావలి నిలబడి విన్నాడు. కూరగాయల సంచులు, బడి పిల్లలు, ఇంజనీర్ల చుట్టాల పెళ్లిళ్లు, అన్నీ నా మీదే తిరిగాయి. అప్పుడు డీజిలు ఎవరి సొమ్మో ఎవరూ అడగలేదు. నాకు నోరుంటే అది ఆ రోజు ఉపయోగపడేది.

ఆ ఏడు కార్తీకంలో తుఫాను పట్టింది. వెనకటి తుఫాను నేను చూశాను కాబట్టి చెబుతున్నాను, ఇది దానికి తీసిపోయేది కాదు. పొద్దున మొదలైన వాన మర్నాడు మధ్యాహ్నం దాకా విడవలేదు. చెరువు పొర్లింది. పాతబజారులో జనం పరుపులు మేడ మీదికి ఎక్కించుకున్నారు. కొత్త ఇంజనీరు నాలో కూర్చుని గోళ్లు కొరుక్కుంటూ వంతెన దగ్గరికి పోనివ్వమన్నాడు. మేం వెళ్లి చూశాం. గుండ్లవాగు ఎర్రగా, ఒడ్డుల నిండా, ఉరుముతూ పోతోంది. కానీ ఒడ్డుల్లోనే పోతోంది. బస్టాండులో మోకాలి లోతు కూడా లేదు. రేకుల ఇళ్లుండిన గట్టు ఇప్పుడు కొత్త గోడల లోపలికి పోయింది, దాని మీద నిలువెత్తు నీళ్లు దొర్లుకుపోతున్నాయి. అక్కడ ఇప్పుడు ఎవరూ లేరు.

వాన వెలిసింది. పాతబజారు వాళ్లు పరుపులు దించుకుని దుకాణాలు తెరిచారు. మునిగిన ఊరి గురించి అందరూ చెప్పుకుంటారు. మునగని ఊరి గురించి చెప్పుకోవడానికి ఏముంటుంది? ముందుజాగ్రత్తలు బాగా తీసుకున్నామని కొత్త ఇంజనీరు పేపరు వాళ్లకు చెప్పాడు. పేపర్లో అది చిన్న అక్షరాల్లో వచ్చింది.

ఆ సాయంత్రమే మీరావలి జేబులో ఫోను మోగింది. అప్పటికి అతనూ ఒక చిన్న ఫోను కొనుక్కున్నాడు. నాలోనే కూర్చుని ఉన్నాడు.

"వలీ, టీవీలో వాన సంగతి చూశాను. నీళ్లెక్కడిదాకా వచ్చాయి?"

"ఒడ్డు దాటలేదు, అమ్మగారూ."

"పాతబజారు?"

"తడవలేదమ్మా."

అవతల ఆవిడ నవ్వారు. నాతో తిరిగినన్నాళ్లలో ఆవిడ అలా నవ్వగా నేను వినలేదు. చిన్నపిల్ల నవ్వినట్టు నవ్వారు. మళ్లీ చెప్పమన్నారు. ఏ వీధిలో ఎంత, ఏ గోడ దగ్గర ఎంత, అన్నీ అడిగి చెప్పించుకున్నారు. ఆఖర్న, "ఖాజాబీ కులాసానా?" అన్నారు.

మీరావలి ఎదురుగా అద్దంలోంచి రోడ్డు వైపు చూశాడు.

"కులాసానే, అమ్మగారూ."

ఫోను జేబులో పెట్టుకుని, స్టీరింగు మీద తల ఆనించి చాలాసేపు ఉండిపోయాడు.

ఆ తర్వాత నేను ఎక్కువకాలం తిరగలేదు. ఇంజను పాడైంది, బాగు చేయించడం దండగన్నారు. ఆఫీసు వెనక ఆవరణలో విరిగిన చెత్తబండ్లు, తుప్పుపట్టిన గొట్టాలు, కాలిపోయిన వీధిదీపాల పక్కన నిలబెట్టారు. మీరావలిని అక్కడే కాపలా పెట్టారు, రిటైరయ్యేదాకా. అతను పగలు నాలోనే కూర్చునేవాడు. ఇంజనీరుకు అద్దెకారు వచ్చింది.

ఒక ఉదయం గేటు తోసుకుని హైమవతిగారు వచ్చారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఆవిడా రిటైరయ్యారు. చేతిలో గుడ్డసంచి. మీరావలి గబగబా దిగి నిలబడ్డాడు.

"కూర్చో వలీ, నేనిప్పుడు ఎవరికీ ఆఫీసర్ని కాను," అంటూ వచ్చి ముందు సీట్లో ఎప్పటిలాగే అతని పక్కన కూర్చున్నారు. సంచిలోంచి రెండు జాకెట్టు గుడ్డలు తీశారు. "ఖాజాబీ చేత కుట్టించుకుందామని తెచ్చాను. అంత బాగా ఎవరూ కుట్టడం లేదు. ఇళ్లు వచ్చాయా? ఏ వరసలో ఇచ్చారు?"

"ఇళ్లు రాలేదమ్మా."

ఆవిడ ముఖం మారిపోయింది. "ఇంకా ఆ షెడ్లలోనే ఉన్నారా?"

"ఉన్నాం." ఆ గుడ్డల వైపు చూస్తూ అతను చెప్పాడు. "ఖాజాబీ లేదమ్మా."

"ఎప్పుడు?"

"ఆ వానకు ముందే."

"ఆ రోజు ఫోన్లో కులాసా అన్నావు."

"ఆ రోజు మీరు నవ్వారమ్మా. ఎట్లా చెప్పను?"

 గాలికి డంపు వైపు నుంచి పొగ వాసన వచ్చింది. ఆవిడ తల తిప్పి ఆ వైపు చూశారు.

"పొగ వల్లేనా?"

"ఉబ్బసం అన్నారు డాక్టరుగారు."

"పొగ వల్లేనా వలీ?"

"పొగ వల్లే."

అతనే మళ్లీ అన్నాడు. "మీరు ఇల్లు తీయించకపోతే ఆ వాననాడు ఇద్దరం పోయేవాళ్లమమ్మా. గట్టు మీద ఎంత నీళ్లు పోయాయో నేను చూశాను."

"నిజమే," అన్నారు ఆవిడ. "నిజమే అయినా అది నాకు చాలడం లేదు వలీ."

మడిచిన గుడ్డలు ఒళ్లో పెట్టుకుని ఆవిడ అలాగే కూర్చున్నారు. నాలో కూర్చుని ఎందరో ఎన్నో మాట్లాడారు. ఆ ఇద్దరూ మాట్లాడకుండా కూర్చున్నది మాత్రం నాకు బాగా గుర్తుంది.

ఆ తర్వాత ఆవిడ రైల్లో వచ్చిపోతూ ఉండేవారు. ఒకప్పుడు తన గదిగా ఉన్న గది బయట బెంచీ మీద, అర్జీలు పట్టుకున్నవాళ్ల మధ్య కూర్చునేవారు. బంట్రోతు కొత్తవాడు. "సారు బిజీగా ఉన్నారు, రేపు రండి," అనేవాడు. ఆవిడ రేపు వచ్చేవారు. కలెక్టరాఫీసుకు వెళ్లేవారు, మళ్లీ వచ్చేవారు. డంపులో మంట ఆర్పించడానికి ముందు తిరిగారు, తర్వాత ఇళ్ల కోసం తిరిగారు. విసిగిపోయి చేశారో, సిగ్గుపడి చేశారో, ఎన్నికలొచ్చి చేశారో నేను చెప్పలేను గానీ, చివరికి రైల్వే గేటు అవతల ఇళ్లు లేచాయి.

పట్టాలు పంచే సభ ఆఫీసు వెనక ఆవరణలోనే పెట్టారు. షామియానా వేశారు. నా మీద ఒక మైకు పెట్టె ఎక్కించారు. షెడ్లలోని వాళ్లంతా శుభ్రమైన బట్టలు కట్టుకుని వచ్చారు. చివరి వరసలో హైమవతిగారు, ఆవిడ పక్కన మీరావలి. ఇంటి పట్టా ఆడవాళ్ల పేరు మీద ఇవ్వడం ఆనవాయితీ. ఒక్కొక్క పేరూ పిలుస్తుంటే ఒక్కొక్కామే లేచి వెళ్లి, దండం పెట్టి కాగితం తెచ్చుకుంటోంది. పేర్లు గట్టు మీద ఇళ్లున్ననాటివి. మధ్యలో ఎవరూ వాటిని సరిచూడలేదు.

"షేక్ ఖాజాబీ," అని పిలిచారు.

ఎవరూ లేవలేదు.

"షేక్ ఖాజాబీ, మునిసిపాలిటీ డ్రైవరు మీరావలి భార్య," అని మైకులో మళ్లీ పిలిచారు. ఆ పేరు నా రేకుల్లోంచి ఖంగుమని మోగింది. షెడ్లవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మీరావలి నెమ్మదిగా లేచాడు. వేదిక మీది అధికారి చిరాగ్గా, "నువ్వు కాదయ్యా, ఆమెను పంపించు. సంతకం పెట్టాలి," అన్నాడు.

 హైమవతిగారు లేచి అతని పక్కన నిలబడ్డారు.

"ఆమె చనిపోయిందండి," అన్నారు. ఆవిడకు మైకు లేదు, అయినా అందరికీ వినిపించింది. "ఊరు మునక్కుండా ఉండాలని ఆమె ఇల్లు నేను తీయించాను. ఆమె సరేనంది. ఇల్లిస్తానని మాటిచ్చాను. ఆ మాట ఆమె బతికుండగా నిలబెట్టుకోలేకపోయాను. ఆ కాగితం ఈయనకివ్వండి."

 వేదిక మీద పెద్దలు ఏదో గుసగుసలాడుకున్నారు. తర్వాత ఆ అధికారి తనే దిగి వచ్చి, కాగితం మీరావలి చేతిలో పెట్టాడు. "పేరు తర్వాత మార్పించుకోండి," అన్నాడు మెత్తగా.

సభ అయిపోయింది. జనం కొత్త ఇళ్లు చూసుకోవడానికి ఆటోలెక్కి వెళ్లిపోయారు. మీరావలి వచ్చి నా బానెట్‌కు ఆనుకుని, కాగితం మీద ఆమె పేరు ఉన్న చోట వేలు పెట్టి నిలబడ్డాడు. హైమవతిగారు దగ్గరికొచ్చారు.

"పేరు మార్పిద్దామా?"

"వద్దమ్మా. అట్లాగే ఉండనివ్వండి."

"సరే."

"నేనొక్కణ్నే ఏం చేసుకుంటాను అమ్మగారూ ఇంత ఇల్లు?"

ఆవిడ  కొంగు భుజం మీదుగా లాక్కుని, "ముందు వెళ్లి చూద్దాం పద. గోడలు సరిగ్గా కట్టారో లేదో," అన్నారు.

"ఆటో పిలవనా?"

"నడుద్దాం వలీ. దూరమేం కాదు."

మర్నాడు పాత ఇనుము వాళ్ల లారీ వస్తుందని, నన్నూ ఈ గొట్టాలనూ తీసుకుపోతుందని అంతకు ముందే అనుకోగా విన్నాను. వాళ్లకు ఆ సంగతి తెలుసో లేదో. ఇద్దరూ గేటు దాటి, ఎండలో, రోడ్డుకు ఒక పక్కగా, అక్కడక్కడా ఆగుతూ వెళ్లారు. ఒక పని చూడ్డానికి ఆ ఇద్దరూ నేను లేకుండా వెళ్లడం అదే మొదటిసారి.